బెల్లం వాసన, కాలిలో ముల్లు

శ్రోతలకు నమస్కారం.

మా చిత్తూరు పల్లెల్లో చెరుకు గానుగ ఎక్కడ ఆడుతోందో ఎవర్నీ అడగనక్కర్లేదు. చిన్నప్పుడు బడి వదలగానే పొలం గట్టు మీద నిలబడేవాళ్లం. బెల్లం పాకం వాసన పలచగా వస్తే దూరం. చిక్కబడుతుంటే దగ్గర. ముక్కు చెప్పినట్టు నడిస్తే పొయ్యి దగ్గర తేలేవాళ్లం. ఆ వాసనను గుర్తుంచుకోండి, దానితో మనకు పని ఉంది.

పోయినేడు మా పెద్దమ్మా నేనూ అలిపిరి మెట్లెక్కాం. 3,550 మెట్లు, వట్టి కాళ్లతో. దారిలో ఇద్దరికీ ముళ్లు గుచ్చుకున్నాయి. నాది వారంలో మానింది. పెద్దమ్మది రెండు నెలలు పట్టింది.

నా కాల్లో జరిగింది ముందు చెబుతాను. ముల్లు దిగిన చోట దెబ్బతిన్న కణాలూ, అక్కడ కాపలా కాసే కణాలూ ఒక చిన్న ప్రోటీన్‌ను వదులుతాయి. పేరు ఇంటర్‌ల్యూకిన్-8. 1987లో గుర్తించారు. కణాలను ఇలా రమ్మని పిలిచే ప్రోటీన్లను కీమోకైన్లు అంటారు. రక్తంలో కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్ అనే తెల్లకణం నాళం గోడకు తగిలి దొర్లుతుంది. గోడ మీద ఇంటర్‌ల్యూకిన్-8 తగలగానే ఆగిపోతుంది. గోడ సందులోంచి ఒళ్లు ఇరికించుకుని బయటపడుతుంది. అక్కడినుంచి అచ్చం మేం గానుగకు నడిచినట్టే. చిక్కగా ఉన్న వైపుకు, ఇంకా చిక్కగా ఉన్న వైపుకు. చేరాక క్రిముల్ని మింగుతుంది.

నాకు మరీ అబ్బురం ఏమిటంటే, ఆ ప్రోటీనే నాళం గోడలోని కణాలకూ అందుతుంది. వాటిని కదలమంటుంది, కొత్త కొమ్మ వేయమంటుంది. మానుతున్న పుండు అడుగున ఎర్రగా, గరుగ్గా కండ కనిపిస్తుంది చూడండి, ఆ ఎరుపు కొత్తగా మొలిచిన సన్నని రక్తనాళాలదే. పిలుపు ఒక్కటే, పనులు రెండు. అయితే అన్ని కీమోకైన్లూ ఇలా నాళాలను పెంచవు. ఐపీ-10 అనేది టీ కణాలనే మరో రకం తెల్లకణాలను పిలుస్తుంది గానీ, నాళాల పెరుగుదలను అడ్డుకుంటుంది. కొన్ని క్యాన్సర్ గడ్డలు ఇంటర్‌ల్యూకిన్-8నే వాడుకుని తమకు రక్తం తెచ్చే నాళాలను మొలిపించుకుంటాయి.

ఇక పెద్దమ్మ సంగతి. ఆమెకు షుగర్. అరికాళ్లు మొద్దుబారాయి కాబట్టి ముల్లు దిగినట్టే తెలియలేదు. నాలుగో రోజు మా అక్క నేల మీద తడి మరక చూసి కాలు ఎత్తి చూసింది. షుగర్ ఎక్కువగా ఉంటే న్యూట్రోఫిల్స్ పిలుపు అందుకుని కదలడం మందగిస్తుంది. వచ్చినవి తిష్ట వేస్తాయి, వాపు తీయదు. కొత్త నాళాలు మొలవడమూ వెనకబడుతుంది.

అందుకే ఒక్క మాట అడుగుతున్నాను. మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు కొండకు నడిచి వెళితే, ఆ రాత్రే వాళ్ల అరికాళ్లు చూడండి. వేళ్ల సందులూ చూడండి. ఒంటరిగా ఉంటే అద్దం నేల మీద పెట్టి చూసుకోవచ్చు. ముల్లు కనిపిస్తే సూదితో కెలకొద్దు, పసుపు అద్ది ఊరుకోవద్దు. మర్నాడే డాక్టరుకు చూపించండి. నొప్పి లేదు కదా అనుకోవద్దు. నొప్పి తెలియకపోవడమే అక్కడ ప్రమాదం.

ఈ ఏడూ మొక్కు ఉందంటోంది పెద్దమ్మ. కాళ్లు మొద్దుబారినవాళ్లు వట్టి కాళ్లతో నడవకూడదని డాక్టర్లు చెబుతారు. ఈసారి బస్సులో వెళదామని బతిమాలుతున్నాను, ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే మందపాటి మేజోళ్లయినా తొడిగిస్తాను. టార్చిలైటు, చేతి అద్దం అప్పుడే సంచిలో పెట్టేశాను.

నమస్కారం.