గోడ పెద్దల పని, బొమ్మ పిల్లల పని

శ్రోతలకు నమస్కారం. వీధి చివర బోసిగా నిలబడిన గోడను చూసినప్పుడు, దాని మీద ఈ వీధి పిల్లల చేతనే బొమ్మ వేయిస్తే బాగుంటుందన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఆలోచన మంచిదే. అయితే రంగుడబ్బాలు తెచ్చి పిల్లల చేతికి కుంచెలు అందించడంతో పని మొదలుపెట్టిన చోట, ఒక్క వానాకాలం గడిచేసరికి రంగు పెచ్చులుగా రాలిపోవడమో, పెద్దలు అడుగడుగునా దిద్దుతూ పోగా మిగిలింది పిల్లల బొమ్మ కాకుండా పోవడమో జరుగుతూ ఉంటుంది. ఏ పని ఎవరిదో ముందుగా తేల్చుకోకపోవడమే ఈ రెండింటికీ కారణమని నా అభిప్రాయం.

గోడ పూర్తిగా పెద్దల బాధ్యత. యజమాని అనుమతిని కాగితం మీద తీసుకోవడం మొదలు, చెమ్మ ఉన్నదో లేదో చూడడం వరకు అన్నీ వారే చూసుకోవాలి. ఇటుకలోనూ సిమెంటులోనూ ఉండే లవణాలు నీటిలో కరిగి గోడ పైకి వస్తాయి. నీరు ఆవిరైపోయాక అవి తెల్లని పొడిగా గడ్డకట్టి, పైనున్న రంగుపొరను లోపలి నుంచి నెట్టివేస్తాయి. దాని మీద ఎంత ఖరీదైన రంగు పూసినా నిలవదు కనుక, నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో, పగిలిన గొట్టం నుంచా, గోడ నెత్తిన పడిన బీటల నుంచా, ముందు కనిపెట్టి ఆపాలి. అడుగు వెడల్పున్న ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగువైపులా టేపుతో గోడకు అంటించి ఒకటి రెండు రోజులు ఉంచి, తీసి చూస్తే లోపలివైపు నీటిబొట్లు కనిపించాయంటే గోడ ఇంకా ఆరలేదన్నమాట. కొత్తగా సిమెంటు పూత పూసిన గోడను దాదాపు నాలుగు వారాలు ఆరనివ్వాలి. పాత గోడలైతే మరో జాగ్రత్త అవసరం: వెనుకటి రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, దాన్ని పొడిగా గీకితే లేచే దుమ్ము పిల్లలకు విషం. అందువల్ల గీకే పనికి, రంగుకు ముందు అడుగుపూతగా ప్రైమర్ పూసే పనికి పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు.

ఇక బొమ్మ విషయం. ఏం గీద్దామని పిల్లలను అడిగితే కొండల మధ్య సూర్యుడు, ఒక ఇల్లు, పక్కన చెట్టు అని చెబుతారు. పెద్దలు మెచ్చుకునేది అదేనని వారికి ఎప్పుడో తెలిసిపోయింది. దాగుడుమూతలాడేటప్పుడు ఎక్కడ దాక్కుంటారు, ఏ మలుపు దగ్గర భయం వేస్తుంది, మేడ మీది నుంచి ఏం కనిపిస్తుంది అని అడిగి చూడండి, అసలు వీధి బయటపడుతుంది. ఒక చిన్నది తనను తరిమిన కుక్కను ఇంటికన్నా పెద్దదిగా గీస్తుంది. కొలత ప్రకారం అది తప్పే కావచ్చు, కానీ ఆ కుక్క ఆ పిల్లకు ఎంత పెద్దదో ఆ బొమ్మ ఉన్నదున్నట్టు చెబుతోంది. దాన్ని చిన్నది చేయించే హక్కు మనకు లేదు.

కాగితం మీది బొమ్మను గోడకు ఎక్కించడానికి గళ్ల పద్ధతి పాతదే అయినా పిల్లలకు అంతకన్నా అనువైనది లేదు. 30 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కాగితం మీద 2 సెంటీమీటర్ల గళ్లు గీసి, గోడ మీద ఒక్కొక్క గడిని 40 సెంటీమీటర్లు చేస్తే, బొమ్మ 6 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు అవుతుంది. సుద్దపొడి పట్టించిన దారాన్ని ఇద్దరు రెండు కొసలా బిగించి పట్టుకుంటే, మూడోవారు మధ్యలో లాగి వదలగానే గోడ మీద తిన్నని గీత పడుతుంది. ఆ పని కోసం పిల్లలు పోటీ పడతారు. తన గడిలో ఉన్నది కుక్క చెవో మబ్బు తునకో తెలియకుండానే ఒక్కొక్కరు గీసుకుంటూ పోతే, పక్కవాడి గీతతో తన గీత కలిసే చోట ఇద్దరూ మాట్లాడుకోక తప్పదు. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే.

ఇలాంటి పని ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే లాస్ ఏంజెలెస్ వైపు చూడాలి. అక్కడ ఒక వరద కాలువ కాంక్రీటు గోడ మీద జూడిత్ బాకా అనే చిత్రకారిణి నాయకత్వంలో 1976లో చిత్రరచన మొదలైంది. తరువాతి వేసవుల్లో నాలుగు వందల మందికి పైగా యువతీయువకులు పనిచేసి, ఆ ప్రాంతపు చరిత్రను, పాఠ్యపుస్తకాలు పట్టించుకోని జనాల కథలతో సహా, అర మైలు పొడవున చిత్రించారు.

రంగులు వేసే రోజున నిచ్చెన మీదికి పిల్లలను ఎక్కించవద్దు. పై భాగాన్ని పెద్దలు వేయవచ్చు, లేదా మగ్గం మీద నేయకుండా నారలను అతికించి చేసే పలచని గుడ్డ మీద పిల్లల చేత నేల మీదనే వేయించి, ఆరాక గోడకు అంటించవచ్చు. అక్రిలిక్ రంగు తడిగా ఉన్నంతసేపే నీటితో పోతుంది, ఆరితే బట్టలను వదలదు కనుక పాత బట్టలతో రమ్మనాలి. గిన్నెల్లో రంగు సగానికి మించి పోయకూడదు. అలసిన పిల్లవాడు కుంచె వదిలి ఆటకు పరుగెత్తితే పోనివ్వాలి. పిల్లలు ఇళ్లకు వెళ్లాక సాయంత్రం చాటుగా వంకర గీతలను సరిచేసే అలవాటు కొందరు పెద్దలకు ఉంది. మర్నాడు వచ్చీరాగానే పిల్లలు దాన్ని గుర్తుపడతారు, ఆ తరువాత కుంచె పట్టడానికి వెనకాడతారు.

ఎండకు రంగులన్నీ ఒకే తీరుగా వెలవవు. ఇనుప ఆక్సైడుతో తయారయ్యే కావి ఎరుపు, మట్టి పసుపు చాలాకాలం నిలుస్తాయి. మెరిసే గులాబీ, కొన్ని రకాల ఎరుపులు త్వరగా పాలిపోతాయి. లాస్ ఏంజెలెస్ గోడకు కూడా మరమ్మతులు తప్పలేదు, అవి 2011లో పూర్తయ్యాయి. కనుక ప్రతి రంగునూ కొంచెం మిగిల్చి, మూత బిగించి దాచి, ఏ రంగులో ఏది ఎంత కలిపారో డబ్బా మీదనే రాసిపెట్టండి. మళ్లీ పూయవలసి వచ్చినప్పుడు ముందుగా ఆ గడి గీసిన పిల్లలనే పిలవండి. సెలవు.