ఒక గంట ఆటకు ఎన్ని గంటల దారి?

[దృశ్యం: శ్రీకాకుళం, నాగావళి ఒడ్డు. డిసెంబరు నెల, ఉదయం ఆరు గంటలు. వంతెన సగం వరకే కనిపిస్తోంది. ఇసుక తిన్నె మీద కుర్రాళ్ళు వాలీబాల్ ఆడుతున్నారు. పైకి లేచిన బంతి ప్రతిసారీ మంచులో మాయమై మళ్ళీ ఊడిపడుతోంది.]

నమస్కారం. ఆడుకోవడానికి ఎంత దూరం నుంచి వచ్చారని ఈ కుర్రాళ్ళను ఇందాక అడిగాను. ఒకడు "అయిదు నిమిషాల నడక" అన్నాడు. ఇంకొకడు "నాకు పది నిమిషాలండీ, దారిలో టీ కొట్టు ఉంది కదా" అన్నాడు. ఆట మాత్రం గంటన్నర సాగుతుంది.

ఇక నా సంగతి. ఒక జనవరిలో నేనూ, ముగ్గురు మిత్రులూ కాళ్ళకు పొడవాటి పలకలు (స్కీలు) కట్టుకుని మంచు వాలు మీద జారే ఆట, స్కీయింగ్ నేర్చుకుందామని ఉత్తరాఖండ్‌లోని ఔలీకి బయలుదేరాం. ఇక్కడి నుంచి విజయనగరం వరకు బస్సు. అక్కడ సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ మీదుగా ఒకటిన్నర రోజుకు ఢిల్లీ. ఢిల్లీలో రాత్రి బస్సు ఎక్కి తెల్లవారేసరికి ఋషికేశ్‌లో దిగాం. అక్కడి నుంచి అలకనంద పక్కన కొండ అంచుల మీద పగలంతా జీపులో. ఇల్లు కదిలిన మూడో రోజు రాత్రి జోషిమఠ్ చేరాం. ఔలీ దానికి పైన ఉంది.

రైలు కోసం కాచుకున్నవి, కునికిపాట్లు పడినవి అన్నీ కలిపితే రానూపోనూ 130 గంటలు అయ్యాయి. మంచు మీద ఆడింది 13 గంటలు. అందులోనూ మొదటి నాలుగు గంటలు పడటానికే సరిపోయాయి.

[తెర మీద రెండు అంకెలు: వాలీబాల్ కుర్రాడు, రానూపోనూ కలిపి గంట ఆటకు సగటున పది నిమిషాల దారి. నేను, గంట ఆటకు పది గంటల దారి.]

తిరిగి వచ్చాక మా అమ్మమ్మ అంతా విన్నది. "జారిపడటానికి అంత దూరం ఎందుకురా నాయనా? శ్రావణంలో మన చెరువు గట్టు చాలదా?" అంది. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ వీడియో.

[దృశ్యం: భారతదేశ పటం. శ్రీకాకుళం దగ్గర ఎర్ర చుక్క.]

కిలోమీటర్లు చూసి దూరాన్ని కొలిస్తే ఆటల విషయంలో మోసపోతాం. ఒక గంట ఆటకు ఎన్ని గంటల దారి పడుతోందో చూడాలి. అప్పుడు చలికాలపు ఆటలకూ ఎండాకాలపు ఆటలకూ ఉన్న తేడా తేటగా కనిపిస్తుంది. పరుగుకు బాట కావాలి, ఈతకు నీరు కావాలి, సైకిలుకు రోడ్డు కావాలి. ఇవి ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి, లేకపోతే పక్క ఊళ్ళో ఉంటాయి. స్కీయింగ్‌కు మాత్రం మూడూ ఒకే చోట కుదరాలి: వాలు, ఆ వాలు మీద మంచు, ఆ మంచు కరగకుండా నెలల తరబడి చలి. అలా కుదిరిన చోట్లు భూమ్మీద తక్కువ. కాబట్టి ఆట మన దగ్గరకు రాదు, మనమే వెళ్ళాలి.

మంచు అనగానే లంబసింగి గుర్తుకు వచ్చి ఉంటుంది. ఆంధ్రా కశ్మీర్ అని పత్రికలు రాస్తాయి, ఇక్కడి నుంచి రెండు వందల కిలోమీటర్లు దాటి జనం వెళతారు. చిక్కంతా మన మాటలోనే ఉంది. తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే. జాతీయ రహదారి మీద లారీలను నిలబెట్టేదీ మంచే. ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ మంచే. హిమాలయాల మీద దూదిలా రాలేదీ మంచే. ఈ నాలుగింటిలో స్కీలకు పనికివచ్చేది చివరిది ఒక్కటే. లంబసింగి మంచులో తప్పిపోవచ్చు గానీ దాని మీద జారలేం.

మన తూర్పు కనుమల మీద ఆ నాలుగో రకం ఎందుకు పడదు? ఎత్తు చాలదు. వెయ్యి మీటర్లు పైకి వెళితే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అరకు వైపున్న జిందగడ శిఖరం ఎత్తు 1,690 మీటర్లు. సముద్రపు ఒడ్డున రాత్రి 17 డిగ్రీలు ఉంటే ఆ లెక్కన శిఖరం మీద 6 ఉంటుంది. ఎప్పుడో ఒక రాత్రి సున్నా దగ్గరకు దిగినా, ఆ రోజుల్లో మన ఆకాశంలో మబ్బు ఉండదు. హిమాలయాలకు శీతాకాలంలో మధ్యధరా సముద్రం వైపు నుంచి తేమ గాలులు వస్తాయి, అవే మంచు కురిపిస్తాయి. అటు తేమా ఉంది, ఎత్తూ ఉంది. ఔలీ వాలులు రెండున్నర వేల మీటర్ల పైన మొదలవుతాయి. కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో రోప్‌వే సుమారు 3,980 మీటర్ల దాకా తీసుకెళుతుంది.

పటం మీద గీత గీస్తే శ్రీకాకుళం నుంచి ఔలీ 1,400 కిలోమీటర్ల పైచిలుకు, గుల్మార్గ్ దాదాపు 2,000. నేల మీద ఔలీ దారి కూడా రెండు వేలు దాటుతుంది. అంత దూరం పోయినా మంచు ఉంటుందన్న హామీ లేదు. 2025 ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు చాలినంత మంచు లేక వాయిదా పడి మార్చిలో జరిగాయి. అప్పటికే టికెట్లు తీసుకుని పెట్టెలు సర్దుకున్న వాళ్ళ సంగతి తలచుకుంటే నాకు నా 13 గంటలు బంగారంలా తోస్తాయి.

[దృశ్యం: బల్లపరుపు పచ్చిక, కాలువ, కాలువ పక్కన వరసగా సైకిళ్ళు.]

ఇదేదో మనకు మాత్రమే వచ్చిన కష్టమని అనుకోకండి. నెదర్లాండ్స్ దేశాన్ని చూడండి. కొండ అన్నది దాదాపు లేదు, మన వంశధార డెల్టాలా బల్లపరుపు నేల. అక్కడ మనుషుల కంటే సైకిళ్ళు ఎక్కువ. వేసవిలో ఆట అంటే గడప దాటగానే సైకిలు, వీధి చివర కాలువలో పడవ. ఫిబ్రవరిలో బడి సెలవులు రాగానే అదే కుటుంబం కారు నెత్తిన స్కీలు కట్టుకుని ఆస్ట్రియాకు పోతుంది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఇన్స్‌బ్రుక్ దాదాపు వెయ్యి కిలోమీటర్లు.

వాళ్ళ లెక్క కట్టి చూద్దాం. వెళ్ళడానికి పన్నెండు గంటలు, రావడానికి పన్నెండు. అక్కడ ఆరు రోజులు ఉండి రోజుకు అయిదు గంటలు ఆడితే 30 గంటల ఆట. గంట ఆటకు గంట దారి కూడా పడలేదు! దూరం మన దానిలో సగం ఉంటుందేమో, లెక్క మాత్రం పదో వంతుకు దిగిపోయింది. మంచి రోడ్డు సగం పని చేస్తే, ఎక్కువ రోజులు ఉండటం మిగతా సగం చేసింది. అందుకే వాళ్ళు ఏటా వెళతారు, నేను ఒక్కసారి వెళ్ళి వీడియోలు తీస్తున్నాను.

అక్కడిదే ఇంకో సంగతి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఫ్రీస్‌లాండ్ అనే ప్రాంతంలో చలి బాగా ముదిరి కాలువలన్నీ గట్టిగా గడ్డకడితే పదకొండు పట్టణాలను కలుపుతూ దాదాపు 200 కిలోమీటర్ల స్కేటింగ్ పోటీ పెడతారు. గడ్డ మందం చాలకపోతే పోటీ లేదు. చివరిసారి జరిగింది 1997 జనవరి 4న. అప్పటి నుంచి ఎదురుచూస్తూనే ఉన్నారు. ఆ ఒక్క రోజున చలికాలపు ఆట ఇంటి ముందుకు వచ్చి నిలబడుతుంది, ఎవరూ ఆస్ట్రియా వెళ్ళక్కరలేదు. అంటే నేరం చలికాలానిది కాదు, వాలుది.

ఎండాకాలపు ఆటల్లోనూ మొండివి లేకపోలేదు. పగడపు దిబ్బల మధ్య ఈదాలంటే మన వాళ్ళు అండమాన్ లాంటి దీవుల దాకా పోవాలి. విశాఖ నుంచి ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్‌కు ఓడలో రెండు రోజుల పైమాటే.

[దృశ్యం: విజయనగరం. విజ్జీ స్టేడియం. బౌలర్ పరుగెత్తుకుంటూ వస్తున్నాడు.]

ఇక్కడో మెలిక ఉంది. చలికాలపు ఆటలు, ఎండాకాలపు ఆటలు అన్న విభజనే మనది కాదు, చలిదేశాల వాళ్ళది. ఇంగ్లండ్‌లో క్రికెట్ వేసవి ఆట. విజయనగరం మహారాజ్‌కుమార్, అందరూ విజ్జీ అని పిలిచే ఆయన, 1936లో భారత జట్టుకు కెప్టెన్‌గా ఓడ ఎక్కి వారాల తరబడి ప్రయాణించి అక్కడి వేసవికి చేరుకున్నారు. మూడు టెస్టుల్లో రెండు ఓడిపోయారన్నది వేరే కథ, ఆ పర్యటన గొడవలు చెప్పాలంటే ఇంకో వీడియో పడుతుంది. మన దగ్గర మాత్రం క్రికెట్ చలికాలపు ఆట. 1934లో మొదలైన రంజీ పోటీలు కూడా వానలు వెళ్ళాకే జరుగుతాయి.

పల్లెల్లో అయితే ఇది ఇంకా స్పష్టం. వరి కోతలు అయ్యాక మడులు ఆరతాయి. మోళ్ళు చెక్కి, ఇటుకలు వికెట్లుగా పెట్టి, సంక్రాంతికి ఊరికో పోటీ. కబడ్డీ, వాలీబాల్, గాలిపటాలు అన్నీ అప్పుడే. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేదాకా మనకు ఆటల కాలం. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో మైదానంలో కనిపించేది మేకలే, అవి కూడా వేపచెట్టు నీడన. కాబట్టి అసలైన చలికాలపు ఆటలకు మనం అయిదు నిమిషాలు నడిస్తే చాలు. వీటికీ శీతాకాల ఒలింపిక్స్‌లో చోటు ఉంటే బాగుండును!

ఇంకా తమాషా ఏమిటంటే, మన వాళ్ళలో ఎక్కువమంది మంచు మీద మొదటిసారి జారేది మే నెలలో. బడి సెలవులు అప్పుడే కదా. స్కీయింగ్ కాలం జనవరి, ఫిబ్రవరి. సంక్రాంతి సెలవులకు ఢిల్లీ దాకా పోయి వచ్చేసరికే పుణ్యకాలం కాస్తా అయిపోతుంది. అందుకని వేసవిలో మనాలి వెళతారు. 3,978 మీటర్ల ఎత్తున ఉన్న రోహ్‌తాంగ్ కనుమ శీతాకాలమంతా మూసి ఉండి అప్పటికి తెరుచుకుంటుంది. దారి పొడవునా దుకాణాల్లో కోట్లు, బూట్లు అద్దెకు ఇస్తారు. ఎవరి కొలతకూ సరిపోని రంగురంగుల కోట్లు తొడుక్కుని, మిగిలిన మంచు మీద రబ్బరు ట్యూబులు ఎక్కి జారుతారు. మా పెదనాన్న గారి ఇంటి గోడ మీద అలాంటి ఫోటో ఒకటి ఉంది. అందులో మా పెద్దమ్మ కోటు కింద నుంచి చీర కుచ్చిళ్ళు కనిపిస్తాయి. మనకు మంచు ఆట వేసవి ఆట అయింది. దూరం ఎంత అడ్డమో, సెలవుల పట్టిక అంతకంటే పెద్ద అడ్డం.

[దృశ్యం: కొండ రోడ్డు మలుపులు. లారీల పక్క నుంచి ఎవరో చక్రాల బల్ల మీద వెల్లకిలా పడుకుని దూసుకుపోతున్న బొమ్మ.]

ఆటగాళ్ళ దూరాలు వేరు. మనాలి దగ్గరి వశిష్ట్ గ్రామానికి చెందిన శివ కేశవన్ 1998లో నగానో మొదలు 2018 దాకా ఆరు శీతాకాల ఒలింపిక్స్‌లో ల్యూజ్ ఆడారు. అది గడ్డకట్టిన గొట్టంలాంటి దారిలో చిన్న బండి మీద వెల్లకిలా పడుకుని జారే ఆట. హిమాలయాల్లో పుట్టినా ఆయనకు సరైన ట్రాక్ కావాలంటే దేశం దాటాలి. అందుకని బండికి చక్రాలు బిగించి కొండ రోడ్ల మీదే సాధన చేశారు, ఎదురుగా ఆవులూ లారీలూ వస్తున్నా. 2022 బీజింగ్‌లో మన దేశం తరఫున వెళ్ళింది ఒక్కరే, గుల్మార్గ్ పక్కనే పెరిగిన ఆరిఫ్ ఖాన్. మంచు పక్కన పుడితే తప్ప ఆ ఆట అబ్బదు. మన జిల్లా ఊసవానిపేట ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో పతకం తెచ్చింది ఇనుప కడ్డీ ఎత్తి. దానికి వాలూ అక్కరలేదు, వాతావరణమూ అక్కరలేదు.

[దృశ్యం: కళింగపట్నం తీరం. లైట్‌హౌస్. ఇసుక మీద పడవలు. సాయంత్రం.]

ఈ వీడియో కోసం తీరంలో తిరుగుతుంటే ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటూ కనిపించారు. ఇక్కడి మత్స్యకారులు చాలామంది బతుకు తెరువు కోసం గుజరాత్‌లోని వేరావల్ పోయి అక్కడి బోట్ల మీద పని చేస్తారు. ఆయనా వయసులో వెళ్ళినవారే. పటం చూపించాను. శ్రీకాకుళం నుంచి ఔలీకి ఒక గీత, వేరావల్‌కు ఒక గీత. రెండూ దాదాపు సమానం, రెండోది ఒక వేలు మందం ఎక్కువ.

"అయితే నువ్వు నా అంత దూరం పోయి వచ్చావన్నమాట" అన్నారు.

"అవునండీ."

"ఎన్నాళ్ళు ఉన్నావు బాబూ అక్కడ?"

"మూడు రోజులండీ."

వల మీద చేయి ఆగింది. "మూడు రోజులకా అంత దూరం! మేం పోతే ఏడెనిమిది నెలలు ఉంటాం. లేకపోతే దారి ఖర్చు గిట్టదు" అని మళ్ళీ ముడి వేయడంలో పడ్డారు.