జీపు ఇంజన్ బోరుకొచ్చిందంటే

(విజయనగరంలో పాత జీపుల యజమానులు, ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్లకు జీపు అంటే సమితి ఆఫీసు జీపే గుర్తొస్తుంది. బీడీవో గారైనా, మలేరియా వాళ్లైనా, అటవీశాఖ వాళ్లైనా సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, సాలూరు కొండల్లోకి వెళ్లాలంటే అదే దిక్కు. ఎన్నికలొస్తే మైకు కట్టుకుని ఊరూరా తిరిగిందీ అదే. అలాంటి బళ్లు వేలంలో రైతుల చేతికి, అక్కడినుంచి మనలాంటివాళ్ల చేతికి వచ్చాయి. వెనక కూర్చున్న పిల్లలు ఏ పాకలోనో టార్పాలిన్ కింద చూసి ఉంటారు. ఆ బండి ఇంజన్ని విప్పి మళ్లీ నిలబెట్టడం గురించి, అందులో ఏం మార్చాలి, దేని జోలికి వెళ్లకూడదు అన్నదాని గురించి ఈ రోజు మాట్లాడతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఇంజన్ మీద పెట్టే ప్రతి రూపాయీ దాని ఆయుష్షు కోసం పెట్టండి. హార్స్‌పవర్ కోసం పెట్టకండి. ఎందుకంటున్నానో లెక్కతో చెబుతాను.

విల్లీస్ జీపులో మొదట వచ్చిన పెట్రోలు ఇంజన్ నాలుగు సిలిండర్లది. 134 ఘనపు అంగుళాలు, అంటే 2199 సీసీ. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 3⅛ అంగుళాలు. స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 4⅜ అంగుళాలు. రెండో ప్రపంచ యుద్ధం నాటి బండిలో 4000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 4000 చుట్లు, దగ్గర 60 హార్స్‌పవర్ ఇచ్చేది. గాలీ పెట్రోలూ లోపలికి తీసుకునే ఇన్‌టేక్ వాల్వులూ, పొగ బయటకి పంపే ఎగ్జాస్ట్ వాల్వులూ బ్లాకులోనే, సిలిండర్ పక్కన నిలబడి ఉంటాయి. హెడ్డు వట్టి మూత. తర్వాత సీజే3బీ జీపులో హరికేన్ ఇంజన్ వచ్చింది. కింది భాగం దాదాపు అదే. ఇన్‌టేక్ వాల్వు మాత్రం హెడ్డులోకి ఎక్కింది, ఎగ్జాస్ట్ వాల్వు బ్లాకులోనే ఉండిపోయింది. దాంతో ఇన్‌టేక్ వాల్వు పెద్దదిగా పెట్టడానికి చోటు దొరికి, శక్తి 70 హార్స్‌పవర్ దాటింది. ఇంజన్ ఎత్తు పెరిగింది కాబట్టి బానెట్టూ ఎత్తు పెరిగింది. మహీంద్రా వాళ్లు మన దేశంలో ఏళ్లతరబడి తయారుచేసిన ఎత్తు బానెట్టు జీపు అదే.

ఇప్పుడు లెక్క. స్ట్రోకు 111 మిల్లీమీటర్లు. 4000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు దాదాపు 15 మీటర్లు. అంత పొడుగు స్ట్రోకున్న క్రాంకుని, అంటే పిస్టన్ల కదలికని తిప్పుడుగా మార్చే ఇరుసుని, పట్టుకుని ఉన్నవి మూడే మెయిన్ బేరింగులు. వెనక యాక్సిల్ నిష్పత్తి 5.38. పాత 16 అంగుళాల టైర్లతో టాప్ గేరులో గంటకు 80 కిలోమీటర్లు వెళ్తే ఇంజన్ 3100 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతూ ఉంటుంది. అదే 60 దగ్గరైతే సుమారు 2350. తక్కువ వేగంలో బరువు లాగడానికి పుట్టిన ఇంజన్ ఇది. దానికి పెద్ద కార్బురేటర్ పెట్టి, హెడ్డు బాగా మిల్లింగ్ చేయించి కంప్రెషన్ పెంచితే ఆ భారమంతా మూడు బేరింగుల మీద పడుతుంది. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు కావలసింది 1500, 2000 ఆర్‌పీఎం దగ్గర నిలకడైన లాగుడు. అది ఈ ఇంజన్‌లో పుట్టుకతోనే ఉంది. అరిగిపోయినదాన్ని తిరిగి తెస్తే చాలు.

మరి ఎంత అరిగిందో ఎలా తెలుస్తుంది? పొగ చూసి, చప్పుడు విని “బోరుకొచ్చింది, దించేయండి” అనేస్తారు, అంటే సిలిండర్లు అరిగిపోయాయి, ఇంజన్ దించి వాటిని పెద్దవి చేయించాలని. బాబూ, దించే ముందు కంప్రెషన్ టెస్ట్ చేయండి, అంటే ప్లగ్గు రంధ్రంలో గేజ్ పెట్టి, సెల్ఫ్ తిప్పి, సిలిండర్లో ఒత్తిడి ఎంతో చూడండి. ఇంజన్ వేడిగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ తీసేయాలి, థ్రాటిల్ పూర్తిగా తెరవాలి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా 10 పీఎస్ఐ దాటకూడదు. తగ్గిన సిలిండర్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. గేజ్ ముల్లు పైకి లేచిందా, తప్పు పిస్టన్ చుట్టూ ఉండే రింగుల్లో, బోరులో ఉంది. లేవలేదా, వాల్వు దగ్గర కారుతోంది. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోయి ఉంటే హెడ్డు గ్యాస్కెట్ని అనుమానించండి. పది నిమిషాల పని ఇది. వాల్వు గ్రైండింగ్‌తో సరిపోయే ఇంజన్లు ఎన్నో అనవసరంగా బోరింగ్‌కి వెళ్తున్నాయి. ఒక్కసారి బోరు పెంచితే ఆ బ్లాకు ఆయుష్షులో ఒక మెట్టు అయిపోయినట్టే. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 25 మైక్రాన్లు. ఇరవై థౌ, ముప్ఫై, నలభై, ఆ తర్వాత స్లీవ్, అంటే లోపల కొత్త గొట్టం దించడమే.

విప్పాక కొలత. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 25 మైక్రాన్లు. బోరు గేజ్ పెట్టి ప్రతి సిలిండర్నీ పైన, మధ్యలో, కింద, క్రాంకు పొడవునా, దానికి అడ్డంగా కొలవండి. పైన, టాప్ రింగు ఆగే చోట అరుగుదల ఎక్కువ కనిపిస్తుంది. మండే గ్యాసు ఒత్తిడి రింగుని గోడకి నొక్కేది అక్కడే, వేడి ఎక్కువా అక్కడే, ఆయిల్ పొర పల్చనా అక్కడే. అడ్డం కొలతలో అరుగుదల ఇంకాస్త ఎక్కువుంటుంది, ఎందుకంటే కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా నెట్టినప్పుడల్లా పిస్టన్ ఆ గోడకే ఒరుగుతుంది. ఈ అంకెలన్నీ కాగితం మీద రాయండి. ఏ సిలిండర్ ఎక్కువ అరిగిందో దాన్ని బట్టే నాలుగింటికీ ఓవర్‌సైజు నిర్ణయం అవుతుంది.

పిస్టన్ సెట్టు చేతికొచ్చేదాకా బ్లాకుని బోరింగ్‌కి ఇవ్వకండి. ఈ మాట పిల్లలు రాసుకోండి. ముందే ముప్ఫై థౌకి బోరు చేయించి, తర్వాత ఆ సైజు పిస్టన్లు దొరక్క నెలల తరబడి తిరిగేవాళ్లున్నారు. పాత ఇంజన్ల సామాను మార్కెట్లో ఏ సైజు ఉంటే ఆ సైజే. పైగా డబ్బా మీద ఒకటే సైజు రాసున్నా పిస్టన్‌కీ పిస్టన్‌కీ కాస్త తేడా ఉంటుంది. ఒక్కో పిస్టన్ స్కర్టునీ, అంటే దాని కింది భాగాన్ని, మైక్రోమీటరుతో కొలిచి, దానికి తగ్గట్టు ఒక్కో బోరునీ హోనింగ్ చేసి, అంటే రాళ్లతో సన్నగా రాచి, నంబరు వేయాలి. నాలుగు పిస్టన్లనూ, నాలుగు రాడ్లనూ తూకం వేసి బరువులు సమానం చేయించండి. ఫ్యాక్టరీలో ఉన్నదానికంటే మెరుగైన ఇంజన్ కావాలనుకునేవాళ్లు డబ్బు పెట్టాల్సింది ఇలాంటి చోట. స్టీరింగ్ పట్టుకున్న చేతికి ఆ తేడా తెలుస్తుంది.

ఈ పని చేసే చేతులకు మన దగ్గర కొరత లేదు. సాలూరు లారీల ఊరు. లారీ ఇంజన్లతో చేయి తిరిగినవాళ్లకు నాలుగు సిలిండర్ల జీపు పెద్ద లెక్క కాదు. క్రాంకు గ్రైండింగ్, బ్యాలెన్సింగ్ లాంటివాటికి విశాఖ ఆటోనగర్ ఉంది. కాకపోతే షాపువాళ్లకు మనం ఏం కావాలో అంకెల్లో చెప్పాలి. “బాగా చెయ్యండి బాబాయ్” అని వదిలేసి వస్తే వాళ్ల అలవాటు ప్రకారం చేస్తారు.

ఒక అలవాటు మాత్రం ఆగిపోవాలి. బేరింగ్ వదులైందని బేరింగ్ క్యాపుని ఆకురాయితో రాచి బిగువు చేస్తారు. అలా చేస్తే రంధ్రం గుండ్రదనం పోతుంది, కొత్త బేరింగులు వేసినా ఆయిల్ పొర సమంగా నిలబడదు. జర్నల్, అంటే క్రాంకు మీద బేరింగ్ కూర్చునే చోటు, అరిగితే గ్రైండింగ్ చేయించి అండర్‌సైజు బేరింగులు వేయాలి. దానికి అడ్డదారి లేదు. క్యాపులు ఒకదానిది ఒకదానికి మారిపోకుండా, తిరగబడకుండా విప్పేటప్పుడే గుర్తులు పెట్టుకోండి.

ఇక బ్లాకులో పగుళ్లు. ఎగ్జాస్ట్ వాల్వు సీటుకీ సిలిండర్‌కీ మధ్య ఉండే సన్నటి ఇనుము మీద ఎప్పుడూ వేడి దెబ్బ పడుతుంది. అక్కడ పగులుందేమో బోరింగ్‌కి ముందే చూపించాలి, తర్వాత తెలిస్తే ఖర్చంతా వృథా. పగులుంటే స్లీవ్ వేసి బతికించే వీలుంటుంది. సీట్ల విషయానికొస్తే, మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి లెడ్ కలిపిన పెట్రోలు ఆగిపోయింది. ఆ లెడ్ ఎగ్జాస్ట్ సీటు మీద పొరలా నిలిచి కాపాడేది. ఇప్పుడు ఆ కాపుదల లేదు కాబట్టి, సీటు మెత్తటిదైతే వాల్వు కొద్దికొద్దిగా లోపలికి దిగిపోతుంది, వాల్వు కాడ దగ్గర ఉండాల్సిన చిన్న ఖాళీ, ట్యాపెట్ గ్యాప్, మూసుకుపోతుంది, చివరికి వాల్వు కాలుతుంది. అందుకని గట్టి అల్లాయ్ సీట్లు, మంచి వాల్వులు వేయించండి. ఇది తప్పనిసరిగా చేయాల్సిన అప్‌గ్రేడ్.

పెట్రోలు సంగతే ఇంకొకటి. ఇప్పుడు బంకుల్లో వచ్చేదాంట్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 వంతులే చాలు. కాబట్టి కార్బురేటర్లో పెట్రోలు కొలిచి వదిలే పాత జెట్‌తో మిశ్రమం పల్చబడుతుంది. పల్చబడితే ఇంజన్ వేడెక్కుతుంది. మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, ప్లగ్గు రంగు చూసుకుంటూ సరిచేయండి. ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్, రబ్బరు పైపులు ఇథనాల్‌కి తట్టుకునే రకం వేయండి. బండి నెలలపాటు నిలబెట్టేట్టయితే ట్యాంకు ఖాళీ చేయండి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. మన తీరం గాలి సంగతి నౌపడ ఉప్పుకొటారుల పక్కన ఊళ్లవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ట్యాంకు లోపల తుప్పు పట్టి, ఆ పొడి కార్బురేటర్లోకి వస్తుంది.

వేడి అన్నాను కాబట్టి థర్మోస్టాట్ గురించి, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్లోకి పోనివ్వని వాల్వు గురించి చెప్పాలి. మన దగ్గర చాలా బళ్లలో థర్మోస్టాట్ తీసి పారేసి ఉంటుంది. “మన ఎండలకి ఎందుకండీ” అంటారు. నాకు చాలా బాధ కలిగించే పని ఇది. థర్మోస్టాట్ లేని ఇంజన్ చల్లటి పొద్దున్న, వానలో, పల్లంలో దిగేటప్పుడు సరైన వేడికి చేరదు. చేరకపోతే పెట్రోలు పూర్తిగా ఆవిరవక సిలిండర్ గోడల మీది ఆయిల్ని కడిగేస్తుంది, ఆయిల్లో తేమ చేరి బురద కడుతుంది, రింగులు తొందరగా అరుగుతాయి. ఇంజన్ వేడెక్కుతోందంటే కారణం వేరే ఉంటుంది. రేడియేటర్ లోపల పాచి పట్టి ఉంటుంది, బ్లాకు నీటి గదుల్లో తుప్పు పేరుకుని ఉంటుంది, లేకపోతే ఫ్యాను చుట్టూ ష్రౌడ్, అంటే రేకు తొడుగు, లేక గాలి పక్కలకి పోతుంటుంది. ఘాట్‌లో రెండో గేరులో నెమ్మదిగా ఎక్కేటప్పుడు ఎదురుగాలి ఉండదు, ఫ్యాను లాగే గాలే ఆధారం. రేడియేటర్‌కి కొత్త కోరు, ఫ్యానుకి ష్రౌడ్, నీళ్లకి బదులు కూలెంట్ వేసి, థర్మోస్టాట్ తిరిగి పెట్టండి.

మిగతా మార్పులు చకచకా చెప్పేస్తాను. వెనక మెయిన్ బేరింగ్ దగ్గర తాడు సీలు ఉంటే రబ్బరు సీలు వేయండి, క్లచ్‌లోకి ఆయిల్ కారడం ఆగుతుంది. పాత ఆయిల్ ఫిల్టర్ బైపాస్ రకం, ఆయిల్లో కొంత భాగమే దాని గుండా వెళ్తుంది, కాబట్టి ఆయిల్ తొందరగా మార్చాలి. ఆరు వోల్టుల బండిని పన్నెండుకి మార్చి డైనమో బదులు ఆల్టర్నేటర్ పెట్టడం మంచిదే, పాత సామాను మాత్రం దాచుకోండి.

డీజిల్ జీపులున్నవాళ్లకు రెండు మాటలు. ఎంఎం540లో వచ్చిన 2112 సీసీ ప్యూజో డిజైన్ ఇంజన్ తీసేసి 2523 సీసీ డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్ పెట్టుకుంటున్నారు. మైలేజీ పెరుగుతుంది, నిజమే. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఏ మార్పైనా ముందు రవాణా శాఖని అడిగాకే. విల్లీస్, సీజే3బీ లాంటి 50 ఏళ్లు దాటిన బళ్లకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, నంబరులో ‘వీఏ’ అని వస్తుంది. చాసిస్, బాడీ, ఇంజన్ మార్చేసిన బండికి ఆ అర్హత పోతుంది. అందుకే అసలు బ్లాకుని తుక్కుకి వేయకండి. దాని మీది ఇంజన్ నంబరు ఇసుక కొట్టించేటప్పుడు, మిల్లింగ్ చేయించేటప్పుడు చెరిగిపోకుండా పక్కనే నిలబడి చూసుకోండి.

2018లో తిత్లీ తుపానుకి వంశధార పొంగి బళ్లు నీట మునగడం శ్రీకాకుళం వాళ్లు చూశారు. మునిగిన ఇంజన్‌కి సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్లో నీరు నొక్కుకోదు, రాడ్డు వంగిపోతుంది. ప్లగ్గులు తీసి, ఆయిల్ దించి, చేత్తో తిప్పి నీరు బయటకి పంపాకే మిగతాది.

చివరిగా బిగింపు. హెడ్డు బోల్టులు మధ్య నుంచి అంచులకు, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తో 60 నుంచి 70 ఫుట్ పౌండ్లకు బిగించాలి. హరికేన్ ఇంజన్‌లో ఒక బోల్టు కార్బురేటర్ కింద, ఇన్‌టేక్ దారి లోపల దాక్కుని ఉంటుంది. తెలియనివాళ్లు దాన్ని మర్చిపోయి హెడ్డు ఎత్తబోతారు, రాకపోతే ఉలి పెడతారు, హెడ్డు పోతుంది. బిగించేటప్పుడు మర్చిపోతే గ్యాస్కెట్ పోతుంది. స్టార్టు చేశాక గంటలకొద్దీ ఐడిల్‌లో వదలకండి. రింగులు గోడకి కూర్చోవాలంటే వాటి వెనక ఒత్తిడి ఉండాలి, అంటే ఇంజన్ కాస్త పని చేయాలి. రాజాం దాకానో బొబ్బిలి దాకానో వేగం మారుస్తూ, 50 దాటకుండా వెళ్లి రండి. తిరిగొచ్చి ఇంజన్ చల్లారాక హెడ్డు బోల్టులు మళ్లీ చూడండి, కార్బురేటర్ తీసి ఆ లోపలి బోల్టుతో సహా. మొదటి ఆయిల్ ఐదొందల కిలోమీటర్లకే దించి, ఆ ఆయిల్ని తెల్లగుడ్డలో వడకట్టి, ఏ లోహం పొడి వచ్చిందో చూడండి. మొదట్లో కాస్త ఇనుప పొడి వస్తే పర్వాలేదు, బేరింగ్ లోహం మెరుస్తూ కనబడితే మాత్రం బండి ఆపేసి సంపు, అంటే ఇంజన్ కింద ఉండే ఆయిల్ తొట్టి, విప్పాలి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ఎవరి బండి కంప్రెషన్ అంకెలు వాళ్లు తెచ్చి ఉంటే వాటితోనే మొదలుపెడదాం.