పోస్టు డబ్బా మీద రెండో పేరు

(జర్మనీ వెళ్లబోతున్న దంపతుల కోసం విజయవాడలో జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

"జర్మనీలో ఎలా సెటిల్ అవ్వాలో చెప్పండి మేడమ్" అని నన్ను పిలిచారు. సెటిల్ అవ్వడమంటే ఏమిటో నాకు ఈరోజుకీ సరిగ్గా తెలియదు. ఒక పోస్టు డబ్బా కథ మాత్రం తెలుసు. అది చెప్తాను. మధ్యలో వీసా, పన్నులు, ఇడ్లీ పిండి కూడా వస్తాయి.

మేము 2019 సెప్టెంబరులో స్టుట్‌గార్ట్ వెళ్లాం. మా ఆయన మెకానికల్ ఇంజనీరు. బాష్, పోర్షే, మెర్సిడెస్ బెంజ్, అన్నీ అక్కడి కంపెనీలే. నేను ఎం.కామ్ చదివి, ఈ ఊళ్లోనే బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఆరేళ్లు పనిచేశాను. బెంజ్ సర్కిల్ నుంచి బెంజ్ ఊరికి వెళ్తోందని మా ఆఫీసులో ఒకటే జోకులు. నెలనెలా 20వ తారీఖు వస్తే జీఎస్టీ రిటర్నుల టెన్షన్ ఉండేది కదా, ఆ టెన్షన్ పోయిందని నేనూ సంబరపడ్డాను. పోయిన రెండు నెలలకే అదే టెన్షన్ కావాలనిపించింది.

మా ఆయనది బ్లూ కార్డు, అంటే పెద్ద చదువున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే వీసా. బ్లూ కార్డు మీద వెళ్లేవాళ్ల భార్య గానీ భర్త గానీ ముందుగా జర్మన్ పరీక్ష పాసవ్వక్కర్లేదు. దిగిన మొదటి రోజు నుంచే ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. ఇది చాలా పెద్ద సౌకర్యం. మా పిన్ని కూతురు డాలస్‌లో భర్త ఉద్యోగం మీద వచ్చే హెచ్-4 వీసా మీద ఉంటుంది. అక్కడ భర్త గ్రీన్ కార్డు పని ఒక దశ దాటితే గాని భార్యకు వర్క్ పర్మిట్ రాదు, ఆ వీలైనా 2015 నుంచే. అందుకే నా వీసా సంగతి విని అది "నీకేమే అక్కా, అదృష్టవంతురాలివి" అంది. నిజమే. కానీ పని చేసుకోవచ్చని కార్డు మీద రాసి ఉన్నంత మాత్రాన పని దొరకదు. నేను వేసిన దరఖాస్తులన్నిటికీ ఒకటే ప్రశ్న వచ్చేది, మీకు జర్మన్ ఎంతవరకు వచ్చు అని. నాకు అప్పటికి వచ్చింది "గూటెన్ టాగ్" ఒక్కటే.

ఇంటి సంగతి త్వరగా చెప్పేస్తాను. అక్కడ చాలా ఫ్లాట్లు వంటిల్లు లేకుండా అద్దెకిస్తారు. వంటిల్లు లేకుండా అంటే గది ఉంటుంది, గోడలోంచి నీళ్ల పైపులు రెండు బయటికి చూస్తుంటాయి. సింకు, స్టవ్, అలమరాలు మనమే పెట్టించుకోవాలి, లేదా ఖాళీ చేసేవాళ్ల దగ్గర కొనుక్కోవాలి. అడ్వాన్సు కింద మూడు నెలల అద్దెకు మించి అడగకూడదు. టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికి నెలకు 18.36 యూరోలు ప్రసార రుసుము కట్టాలి. మన లైసెన్సు మీద ఆరు నెలలే కారు నడపొచ్చు, ఆ తర్వాత మళ్లీ పరీక్ష రాయాలి. ఇవన్నీ మీకు ఎవరో ఒకరు చెప్తారు.

ఎవరూ చెప్పనిది పోస్టు డబ్బా గురించి.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసుకు వెళ్లి పేర్లు నమోదు చేయించుకోవాలి. దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాగితం ఒకటి తీసుకెళ్లాలి. అక్కడ కూర్చుంటే లోపల్నుంచి ఎవరో "వియయలక్ష్మి, వియయలక్ష్మి" అని పిలుస్తున్నారు. పాపం ఎవరో పలకట్లేదే అనుకున్నాను. మా ఆయన మోచేత్తో పొడిస్తే అది నేనేనని తెలిసింది. జర్మన్‌లో జె అక్షరాన్ని 'య' అని పలుకుతారు. రాజేష్ రాయేష్ అవుతాడు, జగన్నాథం యగన్నాథం అవుతాడు. అలవాటు పడాలి.

నమోదయ్యాక ప్రతిదీ పోస్టులోనే వస్తుంది. 11 అంకెల ట్యాక్స్ నంబరు పోస్టులో, హెల్త్ కార్డు పోస్టులో, బ్యాంకు పిన్ పోస్టులో. మా ఆయనవి వరసగా వచ్చాయి. నావి రాలేదు. వారం, రెండు వారాలు, నెల. "గవర్నమెంటు పని కదా, ఎక్కడైనా అంతే" అన్నారు ఆయన. నాకూ అలాగే అనిపించింది.

ఒకరోజు చెత్త పారేయడానికి కిందికి దిగాను. పోస్టుమ్యాన్ డబ్బాల ముందు నిలబడి ఒక కవరు అటూ ఇటూ తిప్పుతున్నాడు. కవరు మీద నా పేరు! నాది అని వేలు పెట్టి చూపించాను. అతను నన్ను చూశాడు, డబ్బా చూశాడు, తల అడ్డంగా ఊపాడు. అక్కడి అపార్ట్‌మెంట్లలో మామూలుగా ఫ్లాట్ నంబర్లుండవు. డబ్బా మీద ఇంటిపేరు రాసుంటుంది, కవరు మీద పేరు దానితో కలిస్తేనే వేస్తారు. మా డబ్బా మీద మా ఆయన ఆఫీసులో ముద్దుగా ప్రింటు తీసుకొచ్చిన లేబుల్ ఉంది. దాని మీద ఆయన ఇంటిపేరు. నా పాస్‌పోర్టులో మా నాన్నగారి ఇంటిపేరు. మనలో చాలామందిమి పెళ్లయ్యాక పాస్‌పోర్టు మార్చుకోం కదా. అంటే ప్రభుత్వం లెక్కలో నేను ఆ ఇంట్లో ఉన్నాను, పోస్టుమ్యాన్ లెక్కలో లేను. నెల రోజులుగా నా ఉత్తరాలన్నీ వెనక్కి పోతున్నాయి.

అదీ ఇదీ చేతులతో చెప్పి, ఆగమని, మూడో అంతస్తుకు పరుగెత్తి పాస్‌పోర్టు తెచ్చాను. అతను పేరు సరిచూసి కవరు ఇచ్చాడు. ఇచ్చి, డబ్బా మీద వేలితో రాస్తున్నట్టు చూపించాడు. నేను పైకి వెళ్లి మందుల డబ్బాలోంచి తెల్ల ప్లాస్టర్ తీశాను. మా అమ్మ ఆవకాయ సీసాల మీద అంటించి సంవత్సరం రాస్తుంది చూడండి, అదే ప్లాస్టర్. దాని మీద బాల్‌పెన్నుతో నా ఇంటిపేరు రాసి, ఆయన అందమైన లేబుల్ కింద అంటించాను. సాయంత్రం ఆయన వచ్చి చూసి, "అయ్యో, నాకు తట్టనే లేదు" అన్నారు.

నిజంగానే తట్టలేదు ఆయనకి. నాకూ తట్టలేదు, అది ఇంకా విచిత్రం. ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను, ఆడిటర్ బుద్ధి ఎక్కడికి పోతుంది. అద్దె ఒప్పందం ఎవరి పేరు? ఆయనది. కరెంటు? ఆయనది. ఇంటర్నెట్, బ్యాంకు ఖాతా, ఫోను, బస్సు పాసు కొన్న యాప్? అన్నీ ఆయనవే. చెడు ఉద్దేశంతో ఎవరూ చేయలేదు. ఉద్యోగం ఉన్నవాడి పేరు మీద పెడితే పని త్వరగా అవుతుందని చేశాం. ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ కలిపితే ఆ దేశంలో నేను ఆయన సూట్‌కేసుతో వచ్చిన రెండో సూట్‌కేసులా ఉన్నాను.

ఆయన వైపు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఉద్యోగం ఉన్న మనిషి సెటిల్ అయిపోయినట్టే అని నేను అనుకునేదాన్ని. ఆయనకు ఆరు నెలల ప్రొబేషన్. ఆ ఆరు నెలల్లో రెండు వారాల నోటీసుతో పంపేయొచ్చు. ఆఫీసులో పని ఇంగ్లిష్‌లోనే, భోజనం మాత్రం జర్మన్‌లో. మధ్యాహ్నం అవగానే అందరూ "మాల్‌ట్సైట్, మాల్‌ట్సైట్" అంటూ వెళ్తుంటే, ఆ మాల్‌ట్సైట్ అనే ఆయన ఎవరో అని మూడు రోజులు చూశారట. అది భోజనవేళ పలకరింపు. టేబుల్ మీద నలుగురూ నవ్వుతుంటే ఈయన పెరుగన్నం కలుపుకుంటూ కూర్చునేవారు. ఇది నాకు ఐదో వారంలో చెప్పారు. అంతకు ముందు ఎందుకు చెప్పలేదంటే, నువ్వు ఇంట్లో ఒక్కదానివే ఉంటున్నావు, నా గోల కూడా ఎందుకని. నేనూ అదే కారణంతో నా గోల చెప్పలేదు. ఇద్దరం ఒకరినొకరం కాపాడుకుంటూ చెరో మూల కూర్చున్నాం.

భాష దగ్గరికి వద్దాం. ఫోల్క్స్‌హోఖ్‌షూలె అని ఊరూరా పెద్దల బడి ఉంటుంది. అక్కడ చేరాను. మన తెలుగువాళ్లకు ఒక మంచి వార్త. జర్మన్‌లో 'నువ్వు' వేరు, 'మీరు' వేరు. ఇంగ్లిష్ వాళ్లు తడబడతారు గాని మనకు పుట్టుకతో వచ్చిన విద్య అది. ఇంకోటి, "ఎందుకంటే" అని మొదలుపెట్టే వాక్యంలో క్రియ చివరికి పోతుంది. మిగతావాళ్లు ఆ పాఠం దగ్గర తలలు పట్టుకున్నారు. నాకు మాత్రం ఇంటికొచ్చినట్టుంది. మా టీచరమ్మ "నీకెలా వచ్చింది ఇది?" అంటే, మా భాషలో క్రియ ఎప్పుడూ చివరే కూర్చుంటుంది అన్నాను. నామవాచకాల లింగం మాత్రం దేవుడికే తెలియాలి. చెంచా పురుషుడు, ఫోర్కు స్త్రీ, కత్తి నపుంసకం.

అసలు జర్మన్ నేర్పింది మా కింద ఫ్లాటు మామ్మగారు. పరిచయం ఇడ్లీ పిండితో మొదలైంది. ఆదివారం పొద్దున్నే గ్రైండర్ వేశాను. పది నిమిషాలకు తలుపు కొట్టారు. ఆదివారమంతా నిశ్శబ్దం పాటించాలట, గోడకు మేకు కూడా కొట్టకూడదు. తల వంచుకుని "ఎంట్‌షుల్డిగుంగ్" అన్నాను. క్షమించండి అని. మర్నాడు మా తలుపుకు ఒక చిన్న చెక్క బోర్డు వేలాడుతోంది. కోపంతో పెట్టారేమో అని భయపడ్డాను. అది కేర్‌వోఖె బోర్డు. ఆ ప్రాంతం ఆచారం, ఈ వారం మెట్లు ఊడ్చే వంతు మీది అని. అద్దె ఒప్పందంలోనే రాసుంది, మేమే చదవలేదు. వాకిలి ఊడ్చే పనికి నాకు ట్రైనింగ్ అక్కర్లేదు కదా. శుభ్రంగా ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, బోర్డు పక్క ఇంటికి తగిలించాను. ముగ్గు వేద్దామనుకుని ఆగాను. మామ్మగారు వచ్చి మెట్లు వేలితో తుడిచి చూసి, కాఫీకి పిలిచారు. ఆ తర్వాత వారానికి రెండుసార్లు ఆవిడ దగ్గర కాఫీ. నేను చేసిన గారెలు ఆవిడకి, ఆవిడ దిద్దిన వాక్యాలు నాకు. గ్రైండర్ శనివారానికి మారింది.

2020 మార్చిలో కోవిడ్ వచ్చి బడి మూశారు. క్లాసులు ఆన్‌లైన్ అయ్యాయి, మాట్లాడటానికి మనిషి లేడు. బేకరీలు మాత్రం తెరిచే ఉన్నాయి. ఆ వేసవిలో మా వీధి చివర బేకరీలో మినీజాబ్‌లో చేరాను. అప్పట్లో నెలకు 450 యూరోల లోపు సంపాదించుకునే చిన్న ఉద్యోగం అది. ఇంట్లో చెప్తే గొడవే. "ఎం.కామ్ చదివి బ్రెడ్డు అమ్ముతావా?" అన్నారు మా ఆయన. మా అమ్మ అయితే చుట్టాలకు "కంపెనీలో చేస్తోంది" అని చెప్పింది. ఏ కంపెనీ అంటే, "ఫుడ్డు కంపెనీ".

మొదటి రోజు ఒకాయన వచ్చి "ఫ్యున్ఫ్ వెక్లె" అన్నాడు. బడిలో చిన్న గుండ్రటి బ్రెడ్డును బ్రోట్‌షెన్ అని నేర్పారు. స్టుట్‌గార్ట్ వాళ్లకు అది వెక్లె. అందులోనూ మాస్కు వెనకాలనుంచి. నేను నోరు తెరుచుకుని నిలబడితే ఆయన ఐదు వేళ్లు చూపించి, బుట్ట చూపించాడు. నెల తిరిగేసరికి వరసలో ఎవరు నిలబడ్డారో చూసి సంచి తెరిచేదాన్ని. నాకు బి1, అంటే మధ్య స్థాయి జర్మన్, సర్టిఫికెట్ బడి ఇచ్చింది, ధైర్యం ఆ గల్లా పెట్టె దగ్గర వచ్చింది. చిన్న ఉద్యోగమని ఎవరైనా ముక్కు విరిస్తే విరవనివ్వండి.

2022లో ఒక ట్యాక్స్ సలహాదారు ఆఫీసులో సగం రోజు ఉద్యోగం వచ్చింది. లెక్కల సాఫ్ట్‌వేరు ఇక్కడ టాలీ, అక్కడ డాటెవ్. డెబిట్, క్రెడిట్ ఎక్కడికెళ్లినా అవే. ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం, రాసుకోండి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తే జీతంలో పన్ను కోతకు ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఇద్దరూ నాలుగో పన్ను తరగతి, లేదా ఎక్కువ జీతం ఉన్నవాళ్లు మూడు, తక్కువ ఉన్నవాళ్లు ఐదు. మూడు, ఐదు పెట్టుకుంటే నెలనెలా ఇంటికొచ్చే మొత్తం ఎక్కువ కనిపిస్తుంది, అందుకే అందరూ అదే చెప్తారు. అప్పుడు ఆయన జీతం చీటీ లావుగా, ఆవిడ చీటీ బక్కగా ఉంటుంది. ఆ బక్క చీటీ చూసి "ఇంత తక్కువకు ఎందుకు కష్టపడటం" అనే మాట వస్తుంది. మా ఇంట్లోనూ వచ్చింది. ఆ మాట తప్పు. ఆవిడకు తక్కువ రావడానికి కారణం ఆవిడ పన్ను కోత ఎక్కువ కావడం, ఆయనది తగ్గడం. ఏడాది చివర ఇద్దరూ కలిపి రిటర్ను వేస్తే మొత్తం పన్ను ఎలాగైనా ఒకటే.

కానీ బిడ్డ పుడితే వచ్చే ఎల్టర్న్‌గెల్డ్ అనే భత్యాన్ని మామూలుగా అంతకు ముందు పన్నెండు నెలలు చేతికొచ్చిన జీతాన్ని బట్టి లెక్కగడతారు. పూర్తిగా తీసుకుంటే నెలకు 300 నుంచి 1,800 యూరోల దాకా ఉంటుంది. ఉద్యోగం పోతే వచ్చే భృతి కూడా చేతికొచ్చే జీతం లెక్కనే. ఐదో తరగతిలో ఉన్న తల్లికి రెండూ తగ్గిపోతాయి. నేను ఇది కాగితం మీద వేసి చూపించాక మా ఆయన రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత "ఫారం ఎక్కడ?" అన్నారు. నాలుగుకు మారాం.

ఇంకొక్క మాట. బ్లూ కార్డు ఉన్నవాళ్లకు ఇప్పటి రూలు ప్రకారం ఏ1, అంటే మొదటి మెట్టు భాషతో అయితే 27 నెలలకు, బి1 ఉంటే 21 నెలలకు శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకునే వీలుంది. మా ఆయన "నాకు ఇంగ్లిష్ చాలు" అనుకున్న మనిషి. ఈ లెక్క విని నా పాత నోట్సులు తీసుకున్నారు. చెంచా పురుషుడని నేనే నేర్పాను.

ఆ ప్లాస్టర్ ఏమైందని అడుగుతారేమో. రెండు వానలకు సిరా కరిగి నీలం మరక మిగిలింది. ఓనరు చూసి, బాగోలేదని ఇద్దరి పేర్లతో చక్కటి ఇత్తడి పలక చేయించి బిగించారు. నా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుగా చెక్కారు. మార్పించమంటారా అని మా ఆయన అడిగారు. వద్దన్నాను, పోస్టుమ్యాన్‌కు అలవాటైపోయింది.