కుక్కపిల్ల ఇల్లంతా తడుపుతోందా? నీళ్ళ గిన్నె మాత్రం దాచకండి

[నేల మీద చిన్న మడుగు. పక్కనే కుక్కపిల్ల, తనకేమీ తెలియనట్టు తోక ఊపుతూ.]

ఇప్పుడే బయట తిప్పి తీసుకొచ్చారు. లోపలికి వచ్చి రెండు నిమిషాలు కూడా కాలేదు, సోఫా పక్కన పోసేసింది. రోజుకి నాలుగైదు సార్లు ఇలా తుడిచాక ఎవరికైనా అనిపించేది ఒకటే. ఈ నీళ్ళ గిన్నె తీసేస్తే పీడ పోతుంది కదా, తాగితేనే కదా పోసేది!

ఆగండి. గిన్నె అక్కడే ఉండనివ్వండి. మనం మార్చాల్సింది టైమింగ్. అది తాగిన తర్వాత మీరేం చేస్తున్నారు, రాత్రి గిన్నె ఎప్పుడు తీస్తున్నారు అనేది చూసుకుంటే చాలు, కొలత తగ్గించాల్సిన పని లేదు.

[గిన్నెలో నీళ్ళు తాగుతున్న కుక్కపిల్ల. కెమెరా బాగా దగ్గరగా.]

ముందు అది ఎలా తాగుతుందో చూడండి. నీళ్ళని నాకుతున్నట్టు కనిపిస్తుంది. కానీ నాలుక చివర వెనక్కి, గడ్డం వైపు మడుస్తుంది. అలా ముంచి చటుక్కున పైకి లాగితే నీళ్ళు సన్నటి స్తంభంలా లేస్తాయి. అవి కింద పడేలోపు నోరు మూసేస్తుంది. ఈ హడావుడిలో గిన్నె చుట్టూ, గడ్డం కింద, ముందు కాళ్ళ మీద అంతా తడే. గిన్నె ఖాళీ అయిందని "బాబోయ్, ఎంత తాగేస్తోందో" అని కంగారు పడతాం కానీ, అందులో కొంత నేల తాగిందే.

మరి ఎంత తాగితే సరి? పెద్ద కుక్కకి రోజుకి, కిలో బరువుకి 50 నుంచి 60 మిల్లీలీటర్లు అని ఒక మోటు లెక్క ఉంది. పిల్లలకి బరువుతో పోల్చి చూస్తే ఇంకా ఎక్కువే కావాలి. పెరిగే వయసు, రోజంతా పరుగులు. కాబట్టి 4 కిలోల పిల్ల 240 మిల్లీలీటర్లు దాటి తాగిందని టెన్షన్ పడకండి. ఎండగా ఉన్న రోజు, బాగా ఆడిన రోజు ఇంకా తాగుతుంది.

[రెండు గిన్నెలు పక్కపక్కన: ఒకదాంట్లో డ్రై ఫుడ్, ఇంకోదాంట్లో వెట్ ఫుడ్.]

ఇక్కడ తిండిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. డ్రై ఫుడ్‌లో తేమ సుమారు 10 శాతమే. వెట్ ఫుడ్‌లో 75 శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. అంటే 100 గ్రాముల వెట్ ఫుడ్ తిన్న పిల్ల కడుపులోకి తిండితోపాటే 75 మిల్లీలీటర్ల నీళ్ళు వెళ్ళాయి. డ్రై ఫుడ్ తిన్న పిల్ల ఆ నీళ్ళ కోసం గిన్నె దగ్గరికి పరిగెత్తాలి. "పక్కింటి పప్పీ ఇంత తాగదే" అని పోల్చుకునే ముందు, పక్కింటి పప్పీ ఏం తింటుందో అడగండి.

సరే, నీళ్ళు ఆపేస్తే ఏమవుతుంది?

పెద్ద కుక్కకి నీళ్ళు తక్కువైతే కిడ్నీలు మూత్రాన్ని చిక్కగా చేసి, ఉన్న నీటిని ఒంట్లోనే నిలుపుకుంటాయి. చిన్న పిల్లల కిడ్నీలకి ఆ పనితనం ఇంకా పూర్తిగా పట్టుబడదు. నీళ్ళు తగ్గించినా అది పోస్తూనే ఉంటుంది, ఈలోపు ఒళ్ళు ఎండిపోతుంది. చిన్న జాతి పిల్లల్లో ఈ ప్రమాదం ఇంకా త్వరగా వస్తుంది.

రెండో సంగతి నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే ఇది మన ట్రైనింగ్‌నే దెబ్బ తీస్తుంది. గిన్నె ఎప్పుడు కనిపిస్తుందో, ఎప్పుడు మాయమవుతుందో తెలియని పిల్ల, కనిపించిన ప్రతిసారీ గిన్నె అడుగు దాకా గటగటా తాగేస్తుంది. దాహం ఉన్నా లేకపోయినా. కొద్దికొద్దిగా రోజంతా తాగాల్సిన నీళ్ళు ఒక్కసారిగా లోపలికి వెళ్తే, మూత్రాశయం కూడా ఒక్కసారిగా నిండుతుంది. అప్పుడు దాన్ని ఆపుకోమంటే ఎక్కడ ఆపుకుంటుంది? ఇంకొన్ని పిల్లలైతే బకెట్లో, పూలకుండీ కింద ప్లేట్లో, టాయిలెట్‌లో తల పెట్టేస్తాయి. తగ్గించామని మనం అనుకుంటున్న నీళ్ళు అది అక్కడ తాగేస్తూ ఉంటుంది.

[పగటి వెలుగు. కుక్కపిల్ల గిన్నె దగ్గర నుంచి తల ఎత్తుతుంది.]

పగలంతా గిన్నె అందుబాటులో ఉండాలి. అది ఎప్పుడూ ఒకే చోట, తలుపుకి దగ్గరగా, తుడవడానికి వీలైన నేల మీద ఉంటే మంచిది. తివాచీ మీద వద్దు.

ఇప్పుడు అసలు పని. అది తాగి తల ఎత్తిన క్షణం నుంచి మీ కళ్ళు దాని మీదే ఉండాలి. సాధారణంగా 10 నుంచి 20 నిమిషాల్లో దానికి వెళ్ళాల్సి వస్తుంది. బాగా చిన్నదైతే ఇంకా ముందే. ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి ఆగుతుంది. బొమ్మని వదిలేస్తుంది. ముక్కు నేలకి ఆనించి వాసన చూస్తూ ఒక మూలకి నడుస్తుంది, అక్కడే గుండ్రంగా తిరుగుతుంది. ఆ తర్వాత వెనక కాళ్ళు వంచి కూర్చోవడమే. మగ పిల్ల అయినా ఈ వయసులో కూర్చునే పోస్తుంది, కాలు ఎత్తుతుందేమో అని చూస్తూ ఉంటే దొరకదు. ముక్కు నేలకి ఆనినప్పుడే లేవాలి. గుండ్రంగా తిరగడం మొదలయ్యాక మీరు చెప్పులు వెతుక్కుంటే అయిపోయినట్టే.

నిజానికి అంత దాకా రానివ్వకుండా ముందే తీసుకెళ్ళడం తెలివైన పని. నిద్ర లేవగానే ఒకసారి, తిన్నాక, ఆట ఆపాక, బాగా నీళ్ళు తాగాక. బయట ఎప్పుడూ ఒకే చోటికి తీసుకెళ్ళండి. లీష్ పట్టుకుని ఊరికే నిలబడండి. ఆడించకండి, మాట్లాడకండి. పని పూర్తయ్యాక, ఆ జాగాలోనే, ఒకటి రెండు సెకన్లలోపు మెచ్చుకుని ట్రీట్ ఇవ్వండి. లోపలికి తీసుకొచ్చాక ఇస్తే అది లోపలికి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది.

ఎంతసేపు ఆపుకోగలదు అన్నదానికి ట్రైనర్లు ఒక గుర్తు చెబుతారు: వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలపండి, అన్ని గంటలు. 2 నెలల పిల్లకి 3 గంటలు, 3 నెలల పిల్లకి 4 గంటలు. ఇది కదలకుండా ఉన్నప్పటి పైహద్దు. అంతసేపు ఆపించమని అర్థం కాదు. మెలకువగా ఆడుతున్న 2 నెలల పిల్లని గంటకోసారి బయటికి తీసుకెళ్తేనే నేల పొడిగా ఉంటుంది.

[రాత్రి. గోడ గడియారం. గిన్నెని పైకి తీస్తున్న చెయ్యి.]

గిన్నె తీయడానికి ఒప్పుకునే సమయం ఒక్కటే, రాత్రి. ఆరోగ్యంగా ఉన్న పిల్లకి, రోజంతా కావలసినన్ని నీళ్ళు అందిన పిల్లకి, పడుకోవడానికి గంట నుంచి రెండు గంటల ముందు గిన్నె తీసేయొచ్చు. పదింటికి పడుకుంటే ఎనిమిదిన్నర ప్రాంతంలో అన్నమాట. రాత్రి భోజనం దానికి ఇంకో గంటైనా ముందు ముగించాలి, ఎందుకంటే డ్రై ఫుడ్ తిన్నాక దాహం వేయక మానదు. పడుకోబెట్టే ముందు చివరిసారి బయటికి తీసుకెళ్ళండి. బద్ధకించేది ఇక్కడే. "ఇందాకే పోసింది కదా" అనుకోకండి.

సాయంత్రం పూట చాలా పిల్లలకి పూనకం వచ్చినట్టు పరుగులు పెట్టే అలవాటు ఉంటుంది. సోఫా మీదకి, కిందకి, మళ్ళీ మీదకి. ఆ పరుగులు అయ్యాక బాగా తాగుతుంది. ఆ ఆటని పడుకునే ముందుకి కాకుండా కాస్త పెందలాడే పెట్టుకుంటే, తాగిన నీళ్ళు బయటికి పోవడానికి టైమ్ దొరుకుతుంది.

గిన్నె తీసేశాక కూడా అది నోరు తెరిచి రొప్పుతూ, ఖాళీ జాగాని నాకుతూ ఉంటే కొద్దిగా తాగనివ్వండి, తర్వాత ఇంకోసారి బయటికి తీసుకెళ్ళండి. మహా అయితే మీ నిద్ర పది నిమిషాలు పోతుంది. ఎండలు మండుతున్న రోజుల్లో, విరేచనాలు, వాంతులు అవుతున్నప్పుడు, ఏవైనా మందులు వాడుతున్నప్పుడు రాత్రి కూడా గిన్నె తీయకండి. వాంతులు, విరేచనాలు ఉన్న పిల్ల అయితే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, పిల్లల్లో నీళ్ళు ఒంట్లోంచి చాలా వేగంగా పోతాయి. చిగుళ్ళని వేలితో తాకి చూడండి. మామూలుగా తడిగా, జారుతున్నట్టు ఉండాలి. వేలికి జిగటగా అంటుకుంటే ఒంట్లో నీళ్ళు తగ్గినట్టే.

ఇవన్నీ చేసినా 2, 3 నెలల పిల్ల రాత్రి ఒకటి రెండుసార్లు లేపుతుంది. దానికి మందు లేదు, వయసు రావాల్సిందే. లేపినప్పుడు లైట్లన్నీ వేయకుండా, ఆడించకుండా, తీసుకెళ్ళి తీసుకొచ్చేయండి. లేదంటే రేపటి నుంచి ఆడుకోవడానికి లేపుతుంది, ఆ తెలివి దానికి బాగానే ఉంటుంది.

లోపల పోసేస్తే తిట్టకండి, ముక్కు పట్టుకుని అందులో రుద్దకండి. దానివల్ల అది నేర్చుకునేది మీకు కనబడకుండా మంచం కింద పోయడమే. మూత్రం వాసనని పూర్తిగా పోగొట్టే ఎంజైమ్ క్లీనర్‌తో తుడవండి. అమోనియా ఉన్న క్లీనర్ వాడితే, మూత్రంలాంటి వాసనే మిగిలి, మళ్ళీ అక్కడికే వస్తుంది. ఇంకొకటి: మీరు ఇంటికి రాగానే సంబరంతో, లేదా భయంతో ఒంగిపోయి కాస్త కార్చేస్తే, అది నీళ్ళతో సంబంధం లేని వ్యవహారం. దాని మీదకి వంగకుండా, మెల్లగా పలకరిస్తే చాలు. వయసుతో చాలావరకు తగ్గిపోతుంది.

[కొలత గీతలున్న జగ్గు. పక్కన చిన్న నోట్‌బుక్.]

మరి నిజంగానే ఎక్కువ తాగుతుంటే ఎలా తెలుస్తుంది? ఉదయం కొలత జగ్గుతో నీళ్ళు పోయండి, మళ్ళీ నింపిన ప్రతిసారీ రాసుకోండి, రాత్రి గిన్నెలో మిగిలింది కొలిచి ఆ మొత్తంలోంచి తీసేయండి. రెండు మూడు రోజులు చేస్తే చాలు. పెద్ద కుక్క రోజుకి కిలోకి 100 మిల్లీలీటర్లు దాటి తాగితే డాక్టర్లు దాన్ని ఎక్కువ కిందే లెక్కేస్తారు. పిల్ల కూడా అంత తాగుతూ, కడవ బోర్లించినట్టు పోస్తూ ఉంటే చూపించాలి. కిడ్నీల్లో పుట్టుకతో వచ్చిన తేడా లాంటివి అరుదే కానీ ఉంటాయి.

అంతకన్నా తరచుగా కనిపించేది మూత్రంలో ఇన్ఫెక్షన్. ముఖ్యంగా ఆడ పిల్లల్లో. అప్పుడు నీళ్ళు మామూలుగానే తాగుతుంది, కానీ పది నిమిషాలకోసారి కూర్చుంటుంది, నాలుగు చుక్కలే వస్తాయి. ముక్కుతుంది, ఆ చోటుని పదే పదే నాక్కుంటుంది, ఒక్కోసారి మూత్రం ఎర్రగా ఉంటుంది. ఇలాంటి పిల్లకి నీళ్ళు ఆపితే జబ్బు ముదురుతుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకెళ్ళండి. వీలైతే ఉదయం మొదటిసారి పోసినప్పుడు, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన చిన్న డబ్బాలో మూత్రం పట్టండి. వెడల్పాటి గరిటెనో, పాత ప్లేట్‌నో వెనక నుంచి జరిపితే సులువుగా దొరుకుతుంది. వెంటనే వెళ్ళలేకపోతే డబ్బాకి గట్టిగా మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, ఆ పూటలోపే ఇచ్చేయండి.