శాలువాలకు గంట, స్వాగతానికి రెండు నిమిషాలు
(మెల్‌బోర్న్‌లో ఉగాది సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో పిల్లలతో అవస్థ పడుతున్న తల్లులకు, వెనక గదిలో పులిహోర కలుపుతూ నా మాట వినబడనివాళ్లకు కూడా నమస్కారం. నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. 2024 డిసెంబర్ 28, మన మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్, అదే ఎంసీజీ. స్టాండ్‌లో వాళ్ల నాన్న ముత్యాల రెడ్డి గారు కళ్లు తుడుచుకుంటుంటే మనమూ తుడుచుకున్నాం.

కానీ ఆ గ్రౌండ్ పేరు వింటే నాకు ఇంకో సంగతి గుర్తొస్తుంది. కొన్నేళ్ల కింద అక్కడే ఫుటీ, అంటే ఇక్కడి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లాను. ఆటకు ముందు వురుంజెరి అనే ఇక్కడి ఆదివాసీ తెగ పెద్దావిడ ఒకరు 'వెల్‌కమ్ టు కంట్రీ', అంటే తమ నేల మీదికి వచ్చినవాళ్లకు స్వాగతం, చెబుతున్నారు. "ఈ సుత్తి ఎప్పుడైపోతుందో" అన్నాను. తెలుగులో కదా, ఎవరికి అర్థమవుతుందిలే అని ధీమా. వెనక వరుస నుంచి జవాబొచ్చింది: "రెండు నిమిషాలే బాబూ. మన సభల్లో శాలువాలకే గంట పడుతుంది." తిరిగి చూడడానికి మొహం చెల్లలేదు. ఇవాళ లెక్కపెట్టాను, పదకొండు శాలువాలు. ఒక్కరూ విసుక్కోలేదు.

2025 ఏప్రిల్ 25, యుద్ధాల్లో పోయిన సైనికులను తలుచుకునే యాన్జాక్ డే. ఆ తెల్లవారుజామున ఇదే ఊళ్లో, శ్రైన్ ఆఫ్ రిమెంబరెన్స్ అనే యుద్ధ స్మారకం దగ్గర, బునురాంగ్ తెగ పెద్దాయన మార్క్ బ్రౌన్ ఆ స్వాగతం చెబుతుంటే కొందరు గేలి చేశారు. అదే రోజు మెల్‌బోర్న్ స్టార్మ్ జట్టు రగ్బీ మ్యాచ్‌లో జరగాల్సిన స్వాగతాన్ని ఆఖరి గంటల్లో ఆపేశారు.

"నా దేశానికి నన్నే స్వాగతించడం ఏమిటి?" అంటారు ఇది నచ్చనివాళ్లు. అక్కడే తిరకాసు. ఆదివాసీలు కంట్రీ అనేది ఆస్ట్రేలియా మొత్తాన్ని కాదు. ఒక తెగ తరతరాలుగా కాపాడుకున్న నేల, ఏరు, చెట్టు. పక్క తెగ నేల మీదికి వెళ్తే అనుమతి అడగడం పాత ఆచారం. స్టేడియంలో చెప్పే పద్ధతి మాత్రం కొత్తదే. 1976లో పెర్త్‌కు వచ్చిన న్యూజీలాండ్ మావోరీ, కుక్ దీవుల కళాకారులు స్వాగతం లేకుండా ఆడడానికి ఇబ్బంది పడితే ఇక్కడి ఆదివాసీ కళాకారులు రిచర్డ్ వాలీ, ఎర్నీ డింగో ఒకటి చేసిపెట్టారు. కొత్తదైతే ఏం? ప్రతి చిన్న మీటింగ్‌లో చదివేస్తే విలువ పోతుందన్నది మాత్రం నేనూ ఒప్పుకుంటాను. వార్ల్‌పిరి ఆదివాసీ మూలాలున్న సెనేటర్ జసింటా ప్రైస్ కూడా ఇవి మరీ ఎక్కువయ్యాయంటారు. ఆమెతో వాదించవచ్చు. గేలి చేసేవాడితో ఏం వాదిస్తాం?

సరే, క్రికెట్. 1866 బాక్సింగ్ డేకి, అంటే డిసెంబర్ 26న, ఆ ఎంసీజీలోనే ఆదివాసీ జట్టు ఆడింది. అందులో జానీ ముల్లా, సొంత పేరు ఉనారిమిన్. 1868లో ఆదివాసీ జట్టు ఇంగ్లండ్ వెళ్లి 47 మ్యాచ్‌లు ఆడింది. ఇంగ్లండ్‌లో పర్యటించిన మొదటి ఆస్ట్రేలియా జట్టు వాళ్లదే! ఇప్పుడు బాక్సింగ్ డే టెస్టులో ఉత్తమ ఆటగాడికి ఇచ్చేది ముల్లా పతకమే. నితీశ్ ఆడింది ఆ టెస్టే. అందుకే చెబుతున్నాను, నేను దారి తప్పలేదు.

ఇందాక మన సభ మొదట్లో కూడా ఈ నేల ఆదివాసీలను తలుచుకున్నాం. ఎలా? ఫోన్‌లో చూసి, ఒక్క ఊపిరిలో, పేరు కూడా తప్పు పలికి. మన పేర్లను ఇక్కడి వాళ్లు ఖూనీ చేస్తే ఎంత బాధపడతాం! వాళ్ల మాటల్లో స్వాగతానికి వోమింజెకా అంటారు. ఊరికే రావడం కాదు, ఒక పని మీద రావడమని దాని అర్థం చెబుతారు.

వురుంజెరి. అనండి. పులిహోర ఎక్కడికీ పోదు, వెనక వాళ్లు కూడా. వు-రుం-జె-రి.