అప్పుడప్పుడూ దొరికే తాయిలం

శ్రోతలకు నమస్కారం.

ముందుగా ఒక చిన్న పరీక్ష. మీరు చేయవలసింది ఏమీ లేదు, వింటే చాలు. చెట్టు మీంచి అప్పుడే దులిపిన పచ్చి చింతకాయ. రాతి మీద పెట్టి రెండు దెబ్బలు కొట్టి, కళ్లుప్పూ పచ్చిమిరపకాయా చేర్చి నూరి, ఆ ముద్దను వేలి కొసతో తీసి నాలుక మీద పెట్టుకున్నారు.

నోట్లో నీళ్లు ఊరాయా? చెబుతున్న నాకే ఊరాయి. మైకు ముందు గుటక వేస్తే బాగుండదని ఆగాను. మీ ముందు చింతకాయ లేదు, దాని వాసనా లేదు. రేడియోలోంచి వచ్చింది ఒక మాట. ఆ మాటకే మీ లాలాజల గ్రంథులు పనిలోకి దిగాయి. చింతకాయ ఎరగని మనిషికి ఇదే చెప్పి చూడండి, చలించడు. పులుపు తగిలితే నోరూరడం పుట్టుకతో వచ్చింది. పేరు వింటేనే ఊరడం మాత్రం మీరు నేర్చుకున్నది. ఏ తరగతిలో, ఏ రోజున నేర్చుకున్నారో అడిగితే చెప్పలేరు.

టెట్‌కీ డీఎస్సీకీ చదివినవాళ్లకు ఈపాటికి పాఠం పేరు గుర్తుకు వచ్చి ఉంటుంది: శాస్త్రీయ నిబంధనం. ఒకదాని వెంట ఒకటి పదే పదే వస్తే, మొదటిదానికే స్పందించడం అలవాటు కావడమన్నమాట. దాని వెనకే ఫలితాన్ని బట్టి నేర్చుకునే కార్యసాధక నిబంధనం, అలవాటును బలపరిచే పునర్బలనం, అలవాటు మెల్లగా ఆగిపోయే విలుప్తీకరణం వరుసగా వస్తాయి. ఉపాధ్యాయ శిక్షణలో చాలా ఏళ్లు నేను ఈ పాఠం చెప్పాను. ఆ పేర్లను బట్టీ పట్టించడంలోనే సగం పీరియడు గడిచిపోయేది. ఈ రోజు పేర్ల జోలికి ఎక్కువగా పోను.

పుస్తకాల్లో కుక్క బొమ్మా, పక్కనే గంటా ఉంటాయి. ఆ కుక్క యజమాని ఇవాన్ పావ్‌లోవ్. రష్యాలోని ర్యాజాన్‌లో ఒక చర్చి పూజారి కొడుకు. మనసు సంగతి తేల్చాలని ఆయన బయలుదేరలేదు. ఆయన ధ్యాసంతా జీర్ణకోశం మీదే. 1904లో నోబెల్ బహుమతి వచ్చింది కూడా జీర్ణక్రియ మీద చేసిన పనికే. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఆయన ప్రయోగశాలలో కుక్కల కడుపులోంచి జఠరరసం బయటికి తీసే ఏర్పాటు ఉండేది. ఆ రసాన్ని శుద్ధి చేసి అజీర్తికి మందుగా అమ్మేవారు కూడా. వాముతో సరిపెట్టుకునే మనకు వినడానికే కష్టంగా ఉంటుంది గానీ, ప్రయోగశాలకు ఆ రాబడి బాగానే అక్కరకు వచ్చింది.

ఆయనకు ఒక చిక్కు వచ్చిపడింది. తిండి నోటికి తగిలాక ఊరవలసిన లాలాజలం ముందే ఊరుతోంది. గిన్నె కనబడితే చాలు, తిండి తెచ్చే మనిషి అడుగుల చప్పుడు వినబడితే చాలు. కొలతలన్నీ తారుమారు. ఇంకొకరైతే కుక్కల్ని విసుక్కునేవారేమో. పావ్‌లోవ్ ఆ తప్పు లెక్కనే పట్టుకుని, 1936లో పోయేదాకా వదల్లేదు. గంట కూడా ఉండేది గానీ, ఆయన ఎక్కువగా నమ్ముకున్నది మెట్రోనోమును. సంగీతం నేర్చుకునేవాళ్లు లయ తప్పకుండా పక్కన పెట్టుకునే పరికరం అది, టిక్కు టిక్కుమంటూ కొట్టుకుంటుంది. ముందు ఆ చప్పుడు, వెంటనే తిండి. ఇలా కొన్నిసార్లు జరిగాక చప్పుడొక్కటే వినిపించి, లాలాజలం ఎన్ని చుక్కలు పడిందో లెక్క పెట్టేవారు. తిండి పెట్టకుండా చప్పుడే వినిపిస్తూ పోతే చుక్కలు తగ్గి తగ్గి ఆగిపోతాయి. కుక్క మరిచిపోయిందని అనుకుంటాం. కొంత విరామం ఇచ్చి మళ్లీ టిక్కుమనిపిస్తే, మళ్లీ చుక్కలు!

1924 సెప్టెంబరులో ఆ నగరాన్ని వరద ముంచెత్తింది. అప్పటికి దాని పేరు లెనిన్‌గ్రాడ్. కుక్కల గదుల్లోకి నీళ్లు చొచ్చుకొచ్చాయి. మునిగిపోబోతున్న వాటిని మనుషులు వెళ్లి ఈదించి బయటికి తెచ్చారు. బతికి బయటపడ్డ కుక్కల్లో కొన్నింటికి, ఎన్నో నెలలపాటు నేర్పిన చప్పుళ్ల పాఠం తుడిచిపెట్టుకుపోయింది. తిరిగి కుదుటపడ్డాక కూడా, తలుపు కింద నుంచి కాసిని నీళ్లు పారిస్తే చాలు, మళ్లీ బెదిరిపోయేవి.

నోరూరడం ఎలా అంటుకుంటుందో భయమూ అలాగే అంటుకుంటుంది. 1920లో అమెరికాలో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు దీన్ని ఒక పసివాడి మీద చూపించారు. పిల్లవాడికి 11 నెలలు. తెల్ల ఎలుకను చూస్తే ముచ్చటగా చేయి చాచేవాడు. చేయి చాచినప్పుడల్లా వాడి వెనక ఇనుప కమ్మీని సుత్తితో దబ్బున కొట్టారు. ఏడుసార్లు కొట్టేసరికి, చప్పుడు లేకపోయినా ఎలుకను చూసి ఏడుస్తూ పాకిపోవడం మొదలుపెట్టాడు. కుందేలును చూసినా, బొచ్చు కోటును చూసినా అదే ఏడుపు. ఆ భయం పోగొట్టకముందే తల్లి బిడ్డను తీసుకుని వెళ్లిపోయింది. ఈ ప్రయోగం గురించి చెప్పినప్పుడల్లా తరగతిలో ఒకరిద్దరు తల్లులు ముఖం తిప్పుకునేవారు. నాకు వారి పక్షమే సరైనదనిపిస్తుంది. అయితే అన్నం తినకపోతే ఇంజెక్షన్ చేయిస్తానని బెదిరించే ఇంట్లో జరిగేదీ ఇంచుమించు ఇదే. తర్వాత నిజంగా జ్వరం వచ్చి ఆసుపత్రి మెట్లెక్కిన రోజున, బిడ్డ గుమ్మంలోనే ఎందుకు బిగుసుకుపోయాడని ఆశ్చర్యపోతాం.

వాట్సన్ చేసిన ఆ ప్రయోగం సంగతి విని ఊరుకోని మనిషి మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. 1924లో ఆమె పీటర్ అనే పిల్లవాడి కథ ప్రచురించింది. మూడేళ్లు నిండని వాడికి కుందేలంటే హడలు. వాడికి ఇష్టమైన తినుబండారం చేతికిచ్చి, పంజరంలో ఉన్న కుందేలును గదికి ఆ చివర పెట్టేది. వాడు తినడంలో పడ్డాక పంజరాన్ని కొంచెం దగ్గరికి జరిపేది. ఏడిస్తే వెనక్కి. మధ్యలో పిల్లవాడికి జ్వరం వచ్చి రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటికి వెళ్లేటప్పుడు ఓ పెద్ద కుక్క మీదికి ఉరికింది, నేర్చుకున్నదంతా పోయింది. మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టింది. చివరికి పీటర్ ఒక చేత్తో తింటూ రెండో చేత్తో కుందేలును నిమిరాడు. ఎంత దగ్గరికి, ఎంత మెల్లగా జరపాలన్నదే ఇందులో ఉన్న విద్య. తొందరపడితే కుందేలు మీద ఇష్టం రాకపోగా తిండి మీదే భయం పుట్టేది.

ఇంతవరకూ మనిషి ప్రమేయం లేకుండా జరిగేవే చెప్పాను. మనం కావాలని చేసే పనుల సంగతి వేరు. పని చేస్తాం, ఏదో ఫలితం వస్తుంది, ఆ ఫలితాన్ని బట్టి ఆ పని మళ్లీ చేయడమో మానడమో జరుగుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త థార్న్‌డైక్ 1898లోనే పెట్టెలో మూసిన పిల్లుల మీద ఇది గమనించాడు. దానిని చివరంటా లాగినవాడు ఆ దేశపు మనస్తత్వ శాస్త్రవేత్తే, బి.ఎఫ్. స్కిన్నర్. ఒక పెట్టె, అందులో ఎలుక, ఒక మీట. మీట నొక్కితే ఓ తిండి గుళిక రాలుతుంది. ఇంతే సామగ్రి.

ఆయన ముఖ్యమైన సంగతులు రెండూ కనిపెట్టింది అనుకోకుండానే. తానే సరదాగా రాసుకున్నాడు. ఒక శుక్రవారం సాయంత్రం గుళికలు రాల్చే యంత్రం ఇరుక్కుపోయింది. ఎలుక మీట నొక్కుతోంది, గుళిక రావడం లేదు. అయినా వెంటనే మానలేదు. మొదట ఇంకా వేగంగా నొక్కింది, ఆగింది, మళ్లీ నొక్కింది, అలా అలా తగ్గుతూ పోయింది. కాగితం మీద గీతగా ఎక్కిన ఆ తగ్గుదలను చూసి స్కిన్నర్ పొంగిపోయాడు. చెప్పుకుందామంటే ప్రయోగశాలలో ఎవరూ లేరు. ఈ రహస్యం తనతోనే పోతుందేమోనని ఆ శని ఆదివారాలు రోడ్డు దాటేటప్పుడు మరీ జాగ్రత్తగా దాటాడట!

రెండోది ఒక శనివారం మధ్యాహ్నం జరిగింది. ఆ గుళికలు బజారులో దొరికేవి కావు. మందుల మాత్రలు చేసే చేతి యంత్రంతో తానే చేసుకోవాలి. డబ్బాలో చూస్తే సోమవారం పొద్దున పదిన్నరకల్లా నిండుకునేలా ఉన్నాయి. శనివారం పూటా కూర్చుని మాత్రలు చుట్టడానికి మనసొప్పలేదు. ప్రతి నొక్కుకూ గుళిక ఎందుకు ఇవ్వాలి, నిమిషానికి ఒకటి ఇస్తే సరిపోదా అనుకున్నాడు. బద్ధకంతో తీసుకున్న నిర్ణయం. ఎలుక మాత్రం పని మానలేదు, స్థిరంగా నొక్కుతూనే ఉంది. తర్వాత ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాల్లో తేలింది ఏమిటంటే, ప్రతిసారీ తాయిలం అందినవాడు తాయిలం ఆగగానే పని మానుకుంటాడు. అప్పుడప్పుడూ, ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా అందినవాడు అంత తొందరగా మానడు.

గాలం వేసి చెరువు గట్టున కూర్చున్నవాణ్ణి చూడండి. పొద్దుటినుంచీ ఒక్క చేప పడకపోయినా లేవడు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించవలసి వచ్చింది. ఆ ఆటలో ప్రతిసారీ ఓడిపోయేవాడైతే రెండో రోజే మానేసేవాడు. నడుమ నడుమ గెలిచినవాడే ఇల్లు గుల్ల చేసుకునేది.

ఇంత పాఠం చెప్పిన నేను మా ఇంట్లో చేసిన నిర్వాకం వినండి. మా మనవడికి నాలుగేళ్లు. ఫోను చూపిస్తే గానీ ముద్ద మింగడు. ఇక ఫోను ఇవ్వకూడదని ఇంట్లో అందరం అనుకున్నాం. మొదటి రోజు ఏడ్చాడు, ఇవ్వలేదు. రెండో రోజూ ఇవ్వలేదు. మూడో రోజు ఇంట్లో నేనూ వాడూ మాత్రమే ఉన్నాం. పెరుగన్నం గిన్నె ముందు పెట్టుకుని వాడు ఇరవై నిమిషాలు ఆపకుండా ఏడ్చాడు. పక్కింటివాళ్ల కిటికీ తెరుచుకున్న చప్పుడు వినబడింది. ఫోను తీసి ఇచ్చేశాను. ఏడుపు టక్కున ఆగింది, నా ప్రాణం హాయిగా ఉంది.

ఆ హాయిలోనే ఉంది మోసమంతా. ఏడిస్తే ఫోను వస్తుందని వాడు నేర్చుకున్నాడు, అది కనబడేదే. ఫోను ఇస్తే గోల ఆగుతుందని నేనూ నేర్చుకున్నాను. బాధ తొలగించి ఒక అలవాటును బలపరచడాన్ని రుణాత్మక పునర్బలనం అంటారు. దాన్ని శిక్ష అని రాసిన విద్యార్థులకు ఎన్ని మార్కులు కోశానో లెక్కలేదు. ఇంకో సంగతి, మొదటి రెండు రోజులూ గట్టిగా ఉండి మూడో రోజు లొంగడం వల్ల, మొదటి నిమిషంలోనే ఇచ్చినదానికంటే ఎక్కువ చెడగొట్టాను. కాసేపు ఏడిస్తే రాదు, ఇరవై నిమిషాలు ఏడిస్తే వస్తుందని వాడికి తెలిసింది. నాలుగో రోజు వాడు ఇరవై నిమిషాలకు తక్కువ బేరానికి ఒప్పుకోలేదు.

"మామయ్యగారూ, మీరు చెప్పే పాఠం ఇదేనా?" అని మా కోడలు నవ్వుతూనే అడిగింది. నేను జవాబు చెప్పలేదు.

మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఏడుపు పెరుగుతుందని ముందే అనుకున్నాం కనుక తట్టుకోగలిగాం. ఇరుక్కుపోయిన యంత్రం ముందు ఎలుక వేగంగా నొక్కినట్టే వాడూ రెచ్చిపోయాడు, గిన్నె ఒకసారి గోడకు తగిలింది. ఏడుపు వైపు చూడకుండా, వాడంతట వాడు ఒక ముద్ద తీసుకున్నప్పుడల్లా మా ఆవిడ కథలో ఒక వాక్యం ముందుకు నడిపేది. వారం తిరిగేసరికి ఫోను మాట తగ్గింది. పన్నెండో రోజున ఉన్నట్టుండి, "తాతయ్యా, ఫోన్ ఒక్కసారి" అన్నాడు. పావ్‌లోవ్ కుక్కకు విరామం తర్వాత చుక్కలు పడినట్టే. ఈసారి నేను జారిపోలేదు.

బహుమతితో ఏదైనా నేర్పవచ్చని స్కిన్నర్ శిష్యులూ నమ్మారు. వాళ్లలో బ్రెలాండ్ దంపతులు జంతువులకు ఆటలు నేర్పే వ్యాపారమే పెట్టారు. నాణెం తీసుకెళ్లి డబ్బాలో వేయడం రకూన్ అనే జంతువుకు నేర్పారు. ఒక నాణెంతో ఎలాగో వచ్చింది. రెండు ఇచ్చేసరికి రెంటినీ చేతుల్లో పెట్టుకుని పిసినారిలా రుద్దుతూ కూర్చునేది, డబ్బాలో ముంచేది, బయటికి తీసేది, వేసేది కాదు. తినబోయేదాన్ని రుద్ది కడగడం దాని జాతి అలవాటు. ఎంత తిండి ఆశపెట్టినా ఆ అలవాటే గెలిచింది. 1961లో వాళ్లు ఈ ఓటమిని దాచకుండా రాశారు. గెలుపులు రాసిన పుస్తకాలకంటే నాకు ఆ చిన్న వ్యాసం ఎక్కువ ఇష్టం.

పిల్లల విషయంలో ఇంకొక హెచ్చరిక 1973లో స్టాన్‌ఫర్డ్‌లోని ఒక శిశువిహారం నుంచి వచ్చింది. రంగుల పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, ఎర్ర రిబ్బను ఉన్న పత్రం ఇస్తామని ముందే చెప్పారు. ఇచ్చారు. కొద్ది రోజుల తర్వాత ఇష్టం వచ్చినట్టు ఆడుకోమని వదిలేస్తే, మిగతా పిల్లలు బొమ్మలు వేస్తూ గడిపిన సమయంలో వీళ్లు సుమారు సగమే గడిపారు. చెప్పకుండా హఠాత్తుగా పత్రం ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు.

ఫోను గొడవ సద్దుమణిగాక మా కోడలు ఓ చార్టు తెచ్చింది. పళ్లు తోముకుంటే ఒక నక్షత్రం, స్నానానికి పేచీ పెట్టకపోతే ఒకటి, బొమ్మ వేస్తే ఒకటి. మొదటి రెండు గళ్లూ అలాగే ఉంచమన్నాను. పళ్లు తోముకోవడమంటే వాడికి ఇష్టం లేదు కనుక అక్కడ నక్షత్రంతో పోయేదేమీ లేదు. మూడో గడి మీద తెల్ల కాగితం అంటించాం. చార్టు ఇప్పుడు స్నానాలగది తలుపుకు ఉంది. నిన్న పొద్దున ఆ తెల్ల కాగితం మీద వాడు నల్ల పెన్సిలుతో ఒక కుక్కను గీశాడు. కాళ్లు ఐదు వచ్చాయి. ఎవరూ ఏమీ అనలేదు.

నమస్కారం.